దొరదిబ్బ మీద తట్టెడు మట్టి

హార్బిన్ దొర పేరు చెబితే నాకు నోట్లో ఉమ్మి ఊరుతుంది. మింగడానికి కాదు.

ఆయన చచ్చి రెండువందల ఏళ్ళు దాటింది. అలాంటి మనిషి మీద మీకు ఇంత కోపం ఏమిటండీ టీచరు గారూ అని మా స్కూల్లో లెక్కల మాస్టారు ఒకసారి అడిగాడు. కూర్చోండి చెబుతాను అన్నాను. సగంలో బెల్లు కొట్టారని లేచిపోయాడు. మీరైనా చివరిదాకా వినండి.

నా పేరు మెర్సీ. భీమడోలు హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా ఊరు అక్కడికి దక్షిణాన, కొల్లేటి అంచున ఉంది. వానాకాలం వచ్చిందంటే ఊరేదో సరస్సేదో తెలీదు. ఎక్కడ గునపం దించినా మూరెడు లోతులో నీళ్ళు. బతికున్నవాళ్ళం ఎలాగో నెట్టుకొస్తాం గాని, చచ్చినవాళ్ళని తీసుకెళ్ళి నీళ్ళలో పెట్టలేం కదా. ఊరికి ఎత్తయిన చోటు ఒక్కటే, దొరదిబ్బ. నడినెత్తిన హార్బిన్ దొర సమాధి, పెద్ద నల్లరాతి పలక. దాని చుట్టూ మా పేటవాళ్ళ సమాధులు. మా తాతముత్తాతలు, మా నాన్న జాకబ్, అందరూ అక్కడే ఉన్నారు.

ఆ దిబ్బకి ఒక పద్ధతుంది. ఏటా వరదొచ్చి దిబ్బని నాలుగువైపులా నాకేసి పోతుంది. అందుకని పేటలో ఎవరు పోయినా ఇంటికో తట్ట మట్టి మోసుకొచ్చి పోస్తాం. ముందు సమాధి మీద, మిగిలింది దిబ్బ అంచున. చుట్టమా, పగవాడా అని లేదు. మాటల్లేని ఇంటినుంచి కూడా తట్ట వస్తుంది. తట్ట రాని ఇంటికి దిబ్బ మీద మాట లేదు. రేపు ఆ ఇంట్లో చావొస్తే, ఫలానా చోట పెట్టండి అని అడిగే హక్కు వాళ్ళకి ఉండదు. మిగతావాళ్ళు ఎక్కడ చూపిస్తే అక్కడే.

మా అమ్మ యేసమ్మ కాపరానికొచ్చిన నాటినుంచి ఒక్క చావుకీ తట్ట ఎగ్గొట్టలేదు. నడుం వంగిపోయాక చిన్న తట్ట అల్లించుకుంది గాని మానలేదు. "నన్ను మీ నాన్న ఎడంపక్కన పెట్టండే. అక్కడ నేను పోసిన మట్టే ఎక్కువుంది" అనేది. ఆవిడ నన్ను బంగారం అడగలేదు, పట్టుచీర అడగలేదు. ఆ ఒక్క చోటు అడిగింది. అది ఆవిడకి దక్కాలి, అంతే నా గొడవంతా.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు గవర్నమెంటు కొట్టించేసిన మరుసటేడు మొదలైంది ఈ పీడ. చెరువులు పోయినవాళ్ళలో మా ఊరి నరసరాజు గారొకరు. చేతులు ముడుచుకుని కూర్చుంటారా? సరస్సు హద్దు బయట, మా దిబ్బని ఆనుకుని ఉన్న చేలు లీజుకి పట్టి కొత్త చెరువులు మొదలుపెట్టారు. గట్లకి మట్టి కావాలి. కళ్ళెదురుగా కొండలాగా మా దిబ్బ.

"ఏవండీ టీచరు గారూ, కాస్త అంచు మట్టి తీసుకుంటున్నామండీ. మీ సమాధుల జోలికి రామండీ" అన్నారు, బైకు ఆపి మరీ. మా వైపు గొంతు కోసేటప్పుడు కూడా అండీ అనడం మానరు.

పొక్లెయిన్‌కి అంచేదో, మనిషేదో తెలుస్తుందా? ఒకరోజు సాయంత్రం బడినుంచి వస్తుంటే ఆయన మట్టి ట్రాక్టరు నా ముందే పోతోంది. గోతిలో పడి కుదిపితే ఏదో రోడ్డు మీదికి జారింది. మట్టిగడ్డనుకుని కాలితో పక్కకి నెట్టబోయి ఆగిపోయాను. దవడ ఎముక. పళ్ళు కూడా ఉన్నాయి. మా వాళ్ళలో ఎవరిదో. కొంగులో చుట్టుకుని వెళ్ళి దిబ్బ మీద కప్పెట్టి వచ్చాను. ఆ చీర మళ్ళీ కట్టలేదు.

మండలాఫీసుకి పోయి మొత్తుకున్నాం. రికార్డులో అది పోరంబోకు అండీ, శ్మశానం అని ఎక్కడా లేదండీ అన్నారు. ఇన్ని తరాలుగా అక్కడ పడుకున్నవాళ్ళు రికార్డుకి కనబడలేదు పాపం.

అప్పుడొచ్చాడు మా సంఘ పెద్ద ప్రసాదరావు, ఉపాయం మోసుకుని. "మనకి విలువ లేదు గాని దొరకుంది టీచరు గారూ. దొర వంశంవాళ్ళు ఇంగ్లండులో ఒక సొసైటీ పెట్టుకుని వాళ్ళ తాతముత్తాతల సమాధులన్నీ వెతుక్కుంటున్నారట. ఏలూరులో పాస్టరు గారికి మెయిల్ వచ్చింది. వాళ్ళలో ఒకాయన వచ్చి, ఇది మా దొరగారి సమాధి అని పైవాళ్ళకి చెబితే చాలు. రక్షిత స్థలం అని బోర్డు పడుతుంది. ఆ తరవాత నరసరాజు గారు గడ్డిపరక పీకలేరు."

"నేనేం చెయ్యాలి?" అన్నాను.

"ఆయన వచ్చిన రోజు మీటింగు పెడదాం. దొరగారి చరిత్ర మీరు తెలుగులో చెప్పాలి. ఆయన మాటలు మాకు చెప్పాలి. మంచి మాటలే చెప్పండేం."

సరేనన్నాను. అమ్మ కోసం.

దొర చరిత్ర నాకు పోస్టులో వచ్చింది. నున్నటి కాగితం మీద అచ్చేసిన ఇంగ్లీషు పుస్తకం, ఆ వంశంవాళ్ళే వేయించుకున్నది. అందులో గుట్టేమీ లేదు. అంతా బాహాటంగా, మీసం మెలేసి రాసుకున్నారు. నాకు ఒళ్ళు మండింది అందుకే. చేసిన పాపం దాచుకునేవాడికి కాస్త సిగ్గయినా ఉంటుంది.

థామస్ హార్బిన్ ఒక చర్చి పాస్టరు గారి నాలుగో కొడుకు. చదువు రాదు, వ్యాపారం రాదు. ఎవరి కాళ్ళో పట్టుకుంటే ఇంగ్లండు రాజుగారి పటాలంలో చిన్న ఆఫీసరు ఉద్యోగం దొరికింది. మీసం కూడా సరిగా రాకుండానే ఓడెక్కి చెన్నపట్నంలో దిగాడు. పైవాళ్ళిద్దరు జ్వరాలతో చస్తే లెఫ్టినెంటు అయ్యాడు. ఫ్రెంచివాళ్ళతో జరిగిన యుద్ధంలో ఒక గుర్రం మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, దాన్ని గాయం కింద రాయించి కెప్టెన్ అయ్యాడు. ఈ వరకూ నేను నవ్వుకుంటూనే చదివాను.

తరవాత ఉత్తర సర్కారులు కంపెనీ చేతికొచ్చాయి, ఈయన్ని బందరు మీదుగా ఏలూరు పంపారు. జమీందార్లు శిస్తు కట్టకపోతే పటాలం తీసుకుని వెళ్ళడం ఆయన పని. జమీందారు కోటలోపల కూర్చునేవాడు. ఈయన బయట పల్లెల మీద పడేవాడు. ఎద్దులు తోలుకుపోయేవాడు, కుప్పలకి నిప్పెట్టేవాడు, విత్తనాలు కూడా మిగల్చకుండా. పుస్తకంలో ఏమని ఉందో తెలుసా? "ఆ ప్రాంతంలో ప్రశాంతత నెలకొల్పెను" అని. విత్తనం లేని ఊళ్ళో ప్రశాంతతే ఉంటుంది మరి, ఏడవడానికి కూడా ఓపిక ఉండదు. అత్తిలి వైపు కొన్ని ఊళ్ళు ప్రశాంతం చేసి మేజరు అయ్యాడు. గణపవరం వైపు ఇంకొన్ని చేసి కల్నల్ అయ్యాడు. బడిలో పిల్లలకి క్లాసు దాటడానికి మార్కులుంటాయే, ఈయనకి కాలిన ఊళ్ళు అలాగ.

ఇక మా దిబ్బ సంగతి. ఆ ఏడు కొల్లేటి చుట్టూ కరువు, ఆ వెంటనే వరద. దొరగారు మా ఊరి దగ్గర మకాం పెట్టారు. ఆయన గుడారం తడవకూడదు. చుట్టుపక్కల పల్లెల్లో ఆడా మగా అందరినీ సిపాయిల చేత తోలించి, నడుంలోతు నీళ్ళలో మట్టి మోయించి, ఒక్క వానాకాలంలో దిబ్బ లేపించారు. పుస్తకంలో ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు: "స్థానికులు ఎంతో ఉత్సాహముగా పనిచేసిరి. వారిలో అనేకులు జ్వరములవల్ల నష్టపోయినను, కల్నల్ గారి గుడారము ఒక్కనాడును తడవలేదు." ఆ నష్టపోయినవాళ్ళని ఆ మట్టిలోనే కప్పేశారట, పని ఆగకుండా. మరుసటేడు ఆ దిబ్బ మీదే ఈయనా పోయాడు. సారా తాగి, కుళ్ళిన చేపలు తిని, రక్తవిరేచనాలతో. "రాజుగారి సేవలో అసువులు బాసెను" అని రాశారు. ఛీ.

పుస్తకం మూసి చేతులు కడుక్కున్నాను. అసయ్యం వదల్లేదు. మేం ఇన్ని తరాలుగా దొరదిబ్బ, దొరదిబ్బ అంటూ ఈ వెధవ పేరుతో పిలిచింది మా వాళ్ళ మట్టినా?

డిసెంబరులో వచ్చాడు కొత్త హార్బిన్. రిటైరైన పెద్దమనిషి, ఎర్రటి మొహం, గడ్డి టోపీ. నిజం చెప్పాలంటే చెడ్డవాడేమీ కాదు, ఎవరు కనబడినా నవ్వుతూ చేతులెత్తి దణ్ణం పెట్టాడు. తాడేపల్లిగూడెం నుంచి షామియానా, దండలు తెప్పించారు. ఏలూరు నుంచి ఒక పెద్దాఫీసరు వచ్చాడు. నరసరాజు గారు కూడా వచ్చి అందరికీ కొబ్బరిబొండాలు కొట్టించారు, తన పొక్లెయిన్ చాటునే. మా అమ్మ ముందువరసలో కుర్చీలో కూర్చుంది.

నేను మైకు పట్టుకున్నాను. మంచి మాటలే చెప్పాను. చిన్న వయసులో సముద్రం దాటి వచ్చారు అన్నాను. ధైర్యవంతులు అన్నాను. ఒక్కొక్క మాటా పాచిపోయిన అన్నం ముద్దలాగా నోట్లోంచి తీసి పెట్టాను. చివరికి "ఈ దిబ్బని ఇంత ఎత్తు చేయించింది హార్బిన్ దొరగారే" అన్నాను.

"ఎవరు మోశారే?" అంది అమ్మ, కుర్చీలోంచి.

ప్రసాదరావు నా వైపు కళ్ళెర్రజేశాడు. నేను అమ్మ మొహం చూశాను. "మనవాళ్ళే అమ్మా" అన్నాను, మైకులోనే.

"తిండన్నా పెట్టాడా?"

"లేదమ్మా. పని చేస్తూ చచ్చినవాళ్ళని ఇందులోనే కప్పేశారు. గుడారం మాత్రం తడవలేదట."

కొత్త హార్బిన్ వంగి నన్నడిగాడు, ఆ పెద్దావిడ ఏమంటున్నారు అని. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. సిగ్గుపడతాడేమో, కనీసం తల దించుకుంటాడేమో అని చూశాను. ఆయన మొహం వెలిగిపోయింది. "అవునవును, ఒక్క వానాకాలంలో! ఆ రోజుల్లో అంత పని చేయించడం మాటలా! గొప్ప పట్టుదల ఆయనది" అన్నాడు.

అమ్మకి అదీ చెప్పాను. "సరే, ఆ ఇంటిమనిషి వచ్చాడుగా. ఇన్నేళ్ళలో ఆ ఇంటి తట్ట ఒక్కటీ పడలేదు. పొయ్యమను" అంది. లేచి, షామియానా పక్కన ఉన్న తన చిన్న తట్టలో మట్టి నింపి ఆయన ముందు పెట్టింది.

మా పద్ధతి వివరించాను. ఆయన మురిసిపోయాడు. టోపీ తీసి తట్ట ఎత్తుకున్నాడు. ఫొటోలు తీశారు. దిబ్బ ఎక్కడం మొదలుపెట్టి, పది అడుగులు వేశాడో లేదో, తట్ట సందుల్లోంచి తడిమట్టి కారి తెల్లచొక్కా మీద పడింది. ఆయన ఆగాడు. చొక్కా చూసుకున్నాడు. పక్కన ఎవరున్నారా అని చూశాడు. ఎంతో మర్యాదగా, నవ్వుతూ, ఆ తట్ట తీసి నడుం వంగిపోయిన మా అమ్మ నెత్తిన పెట్టాడు.

జనం చప్పట్లు కొట్టారు. నరసరాజు గారు కూడా కొట్టారు.

ఆ పుస్తకం మొత్తం చదివినప్పుడు కూడా నాకంత రోత పుట్టలేదు. రెండువందల ఏళ్ళు గడిచినా ఆ చేతులకి తట్ట ఎవరి నెత్తిన పెట్టాలో ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుసు. నేను పరిగెత్తి తట్ట అందుకోబోతే అమ్మ ఇవ్వలేదు. తనే ఎక్కి, అంచున పోసి, దిగి వచ్చింది. "ఇది దొరింటి తట్ట కాదు. నాదే" అంది.

ఆఖర్న కొత్త హార్బిన్ మాట్లాడాడు. మా పూర్వీకుడి నిద్రకి ఇక ఎవరూ భంగం కలిగించరు, దిబ్బ మొత్తానికీ కంచె వేయిస్తాం, ఇకమీదట ఇక్కడ ఎవరూ ఎందుకోసమూ తవ్వకూడదు, పెద్దాఫీసరు గారు మాట ఇచ్చారు అన్నాడు. తెలుగులో చెప్పబోయి మైకు దించేశాను.

"ఏమంటున్నాడే?" అంది అమ్మ.

"ఎవరూ తవ్వకూడదంటున్నాడమ్మా."

"నరసరాజా?"

"మనం కూడా."

అమ్మ తట్ట దులుపుకుంది. "దొరకి మన మట్టి కావాలి. మనం అక్కర్లేదు" అంది.

కంచె పడింది. గేటు పడింది, తాళం పడింది. నీలం బోర్డు మీద తెల్లక్షరాలతో "రక్షిత స్థలము. తవ్వకములు శిక్షార్హములు" అని రాశారు. నరసరాజు గారి పొక్లెయిన్ వెళ్ళిపోయింది, అది నిజమే. తాళంచెవి ప్రసాదరావుకి ఇచ్చి సంరక్షకుడని పేరు పెట్టారు. ఆయన ఇంటి ముందు కూడా ఒక చిన్న బోర్డు రాయించుకున్నాడు. ఆ తరవాత పేటలో పోయిన ఒకాయన్ని వాళ్ళవాళ్ళు భీమడోలు తీసుకెళ్ళి పరాయి ఊరి మట్టిలో పెట్టి వచ్చారు. మేం తట్టలు పట్టుకుని గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చాం. తోలుకొచ్చిన గేదెల్లాగా వచ్చాం, తలొంచుకుని.

మరుసటి ఏడు తుఫాను వానల్లో అమ్మ మంచం పట్టింది. చుట్టూ నీళ్ళు. ఒకరోజు పొద్దున్నే నన్ను పిలిచింది.

"ఆ దొర మీద ఎవరన్నా ఎప్పుడన్నా తట్ట పోశారటే?"

"లేదమ్మా. రాయి ఉంది కదా అని వదిలేశారు."

"అదీ తప్పు. అందుకే ఇంకా పైకి కనబడుతున్నాడు. చచ్చినవాణ్ణి అలా వదలకూడదు, పూడ్చెయ్యాలి" అంది. జ్వరంలో అంటోందో, తెలివిగా అంటోందో నాకు తెలియలేదు. ఆ మధ్యాహ్నమే పోయింది.

నేను ఏడవలేదు. తిన్నగా ప్రసాదరావు ఇంటికి వెళ్ళాను. అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు.

"తాళం కావాలి" అన్నాను.

"అయ్యో, యేసమ్మ గారా? దేవుడు ఆదరించాలి. కాని రూల్సండీ టీచరు గారూ. కేసవుతుంది. భీమడోలులో మాట్లాడతాను, అక్కడ ఏర్పాటు..."

"మీ అమ్మ పోయినరోజు మోకాలిలోతు నీళ్ళలో తట్ట తెచ్చింది మా అమ్మ. మీ ఇంటి తట్ట తెస్తారా, లేకపోతే దిబ్బ మీద మాట వదులుకుంటారా? రేపు మీకూ ఒక చోటు కావాలి. దొర చూపిస్తాడా మీకు చోటు?"

ఆయన పేపరు మడత పెట్టి, మళ్ళీ విప్పాడు. లోపలినుంచి ఆయన భార్య సుగుణ వచ్చింది. చీర ఎగ్గట్టుకుని ఉంది. నెత్తిన మట్టి తట్ట, చేతిలో తాళంచెవి. మొగుణ్ణి చూడలేదు, నన్నూ చూడలేదు. "పదండక్కా, మళ్ళీ వాన వచ్చేస్తుంది" అని ముందు నడిచింది.

నాన్న ఎడంపక్కన తవ్వారు. అంత వానలోనూ గోతిలో నీళ్ళు ఊరలేదు, అది ఆవిడ పోసిన మట్టి. పాస్టరు గారు భూస్థాపన ప్రార్థన ముగించాక ఇంటికో తట్ట అమ్మ మీద పడింది. అప్పుడు నేను అమ్మ చివరి మాట అందరికీ చెప్పాను. ఎవరూ ఎందుకని అడగలేదు. ఇళ్ళకెళ్ళి మళ్ళీ తట్టలు తెచ్చారు. ముసలీ ముతకా కూడా తెచ్చారు. మొదటి తట్ట నేనే, అమ్మ చిన్న తట్టతో, ఆ నల్లరాతి మీద పోశాను. రాతి మీద చెక్కిన అక్షరాల్లో ముందు కల్నల్ పోయింది. మేజరు పోయింది. హార్బిన్ పోయింది. చీకటి పడేలోపు రాయన్నది కనబడకుండా దిబ్బ నున్నగా అయిపోయింది. పోస్తున్నంతసేపూ మా వాళ్ళ మొహాల్లో కోపం కూడా లేదు, పేడకుప్ప మీద మట్టి కప్పి చేతులు దులుపుకున్నట్టే ఉన్నారు.

ఎండాకాలంలో పైనుంచి ఒక ఆఫీసరు వచ్చాడు, ఫొటో చేత్తో పట్టుకుని. గడ్డి మొలిచిన దిబ్బ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నన్ను పిలిపించారు.

"కల్నల్ హార్బిన్ సమాధి ఏదండీ?"

"ఇక్కడే ఉందండీ, కింద" అన్నాను.

"మరి కనబడదేమండీ? మనుషుల్ని పెట్టి తవ్వించండి."

"అమ్మో, ఎలా తవ్విస్తామండీ?" అన్నాను, ఎంతో మెత్తగా, నరసరాజు గారికన్నా మెత్తగా. "రక్షిత స్థలమండీ. తవ్వితే శిక్ష అని మీరే బోర్డు పెట్టారు కదండీ."

ఆయన బోర్డు చూశాడు. మొహం తుడుచుకుని జీపెక్కాడు.

తాళంచెవి ఇప్పుడు సుగుణ దగ్గరే ఉంటుంది. పేటలో ఎవరు పోయినా దిబ్బ మీదే పెడుతున్నాం. ఆ బోర్డుకి మాత్రం ఏటా వానలయ్యాక మేమే రంగు వేయిస్తున్నాం.